సముద్రం ఎడమచేతి వైపు

అలెగ్జాండ్రియా వెళ్ళి వచ్చామని తెలిసినప్పటినుంచి మా వీధిలోవాళ్ళూ, స్టాఫురూములో స్నేహితురాళ్ళూ అడిగే ప్రశ్న ఒకటే: "అక్కడ చూడవలసినవేమిటండీ?" ఏమేం చూడాలో ఏ పుస్తకం తిరగేసినా తెలుస్తుంది. కోట ఉంది, గ్రంథాలయం ఉంది, ఆకాశాన్నంటే రాతిస్తంభం ఉంది, అన్నిటికీ మించి సముద్రం ఉంది. కాని వాటి దగ్గరికి ఎలా వెళ్ళారు, భాష రాని ఊళ్ళో ఏ బండి ఎక్కారు, దిగవలసిన చోటు వచ్చిందని ఎలా తెలిసింది అని ఒక్కరూ అడగరు. నన్నడిగితే, పరాయి ఊరు వెళ్ళేవాళ్ళకి మొట్టమొదట తెలియవలసిన సంగతి అదే. కనక ఎవరూ అడగకపోయినా అదే రాస్తున్నాను.

మా తమ్ముడు ఉద్యోగరీత్యా ఈజిప్టు రాజధాని కైరోలో ఉన్నాడు. 2019 డిసెంబరులో అమ్మని తీసుకుని రమ్మని టిక్కెట్లు పంపాడు. మావారికి సెలవు దొరకలేదు, పిల్లలకి పరీక్షలు. నేనూ అమ్మా బయలుదేరాం. పిరమిడ్లవీ తమ్ముడే దగ్గరుండి చూపించాడు. అలెగ్జాండ్రియాకి మాత్రం, ఏడాది చివరి లెక్కల పని మీద పడి, రాలేకపోయాడు. "మూడు రోజులే గదా అక్కా! క్లాసులో వందమందిని కూర్చోబెట్టేదానివి, అమ్మనొక్కతెనీ తిప్పలేవా?" అని మమ్మల్నిద్దర్నీ రైలెక్కించాడు.

అమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. అప్పటికి ఆమెకు డెబ్బయి రెండేళ్ళు. దివిసీమలో ఒక పల్లెటూళ్ళో పుట్టింది. ఆడపిల్లకి బడెందుకన్న రోజులు. అక్షరాలు రావు. అంకెలు మాత్రం, గోడమీది క్యాలెండరు చూసి పాలలెక్క వేసుకునేందుకు, తనంతట తనే నేర్చుకుంది. నేను తెలుగులో ఎం.ఏ. చేసి, బందరులో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. నేను రాసిన ముక్క ఏదైనా అచ్చయితే అమ్మ ఆ కాగితాన్ని చేత్తో నిమిరి, "ఏం రాశావో చదువు, వింటాను" అంటుంది. అటువంటి ఇద్దరం కైరో స్టేషనులో అడుగు పెట్టేసరికి సమానులమైపోయాం. ఇంగ్లీషు అక్కడక్కడ కనిపిస్తుంది, నిజమే. కాని మనకి అవసరమైన చోట, అంటే రైలు పెట్టె మీద, సీటు మీద, బస్సు నుదుటి మీద, అంతా అరబ్బీ. అక్షరాలు పోనిద్దురూ, అంకెలు కూడా వాళ్ళవే. చుట్టూ ఎన్ని అక్షరాలు! ఒక్కటీ నాతో మాట్లాడదు. ఎం.ఏ. పట్టా ఆ పూట చేతిసంచీలో ఉన్న చీరకంటె ఎక్కువ పనికిరాలేదు.

అంచేత నా మొదటి సలహా: ఈజిప్టు వెళ్ళేవారు అరబ్బీ నేర్చుకోలేకపోయినా పది అంకెలు నేర్చుకుని వెళ్ళండి. దానికి బడి అక్కర్లేదు, ఆ దేశపు కరెన్సీ నోట్లు చాలు. నోటుకి ఒకవైపు అరబ్బీ ఉంటుంది, రెండోవైపు ఇంగ్లీషు ఉంటుంది. అటూ ఇటూ తిప్పి చూసుకుంటే ఒకటీ, రెండూ, ఐదూ, సున్నా వచ్చేస్తాయి. మిగిలినవి తమ్ముడు ఒక కాగితం మీద రాసిచ్చాడు. రైలు కదిలాక ఇద్దరం ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఒకటీ, తొమ్మిదీ మనవాటిలాగే ఉంటాయి. కర్రకి ఒక కొక్కెం తగిలిస్తే రెండు, రెండు కొక్కేలు తగిలిస్తే మూడు. మన మూడుని అటు తిప్పి రాస్తే వాళ్ళ నాలుగు. ఐదు అచ్చంగా మన సున్నా. అయితే సున్నా ఏదీ అంటే, ఉత్త చుక్క. ఆరు, ఇంచుమించు మన ఏడు. ఏడు గరాటు, ఎనిమిది బోర్లించిన గరాటు. ఈ కొక్కేలూ గరాటులూ అమ్మ పెట్టిన పేర్లే. నాకు టాంటా స్టేషను దాటినా ఆరూ ఏడూ తికమకగానే ఉన్నాయి. అమ్మకి వంటింటి సామానుగా కనిపించాయి కాబోలు, వెంటనే పట్టుబడ్డాయి.

ఇందులో ఒక తమాషా ఉంది. ఈ అంకెలను అరబ్బులు "అర్కామ్ హిందియ్యా" అంటారు, అంటే హిందూదేశపు అంకెలు. మన దేశంలో పుట్టిన అంకెల పద్ధతి అరబ్బుల చేతికి వెళ్ళి, అక్కడినుంచి యూరపు చేరింది. యూరపువాళ్ళు వాటిని అరబ్బీ అంకెలన్నారు, అరబ్బులు మాత్రం అసలు పుట్టిల్లు మరిచిపోలేదు. ఇక మంగళగిరి చీర కట్టుకుని, ఇంత బొట్టు పెట్టుకుని, పైన శాలువా కప్పుకున్న అమ్మని చూసి దారినపోయేవాళ్ళంతా "హిందియ్యా? అమితాబ్ బచ్చన్!" అని నవ్వుతూ పలకరించేవారు. అమ్మా హిందియ్యే, అంకెలూ హిందియ్యే. పుట్టింటివాళ్ళు ఒకరినొకరు త్వరగా గుర్తుపట్టడంలో వింతేముంది?

ఇక ప్రయాణం సంగతి. కైరోనుంచి అలెగ్జాండ్రియా సుమారు 210 కిలోమీటర్లు. ఎడారి దారిన బస్సులూ, కార్లూ పోతాయి. అలెగ్జాండ్రియాకి బోర్గ్ ఎల్ అరబ్ అనే విమానాశ్రయమూ ఉంది గాని అది ఊరికి 40 కిలోమీటర్ల పైన దూరం. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి రైలే సుఖం. వేగంగా పోయే రైలు రెండున్నర మూడు గంటల్లో చేరుస్తుంది. ఆ రైలుమార్గానికి చరిత్ర కూడా ఉంది. ఆఫ్రికా ఖండంలో మొట్టమొదటిది అదే. రాబర్ట్ స్టీఫెన్‌సన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఆధ్వర్యంలో 1851లో పని మొదలై, 1854లో కొంతమేర నడిచి, 1856లో కైరో చేరింది. మన బొంబాయి, ఠాణాల మధ్య రైలు నడిచింది 1853లో. అంటే రెండూ ఒక ఈడు పిల్లలే. కిటికీలోనుంచి చూస్తే కాలవలు, గట్లమీద ఖర్జూరం చెట్లు, నీళ్ళలో గేదెలు, పచ్చని చేలు. "ఇదేమిటే, గుడివాడ మీదుగా పోతున్నట్టుంది!" అంది అమ్మ. నిజమే, అది నైలు డెల్టా, ఇది కృష్ణ డెల్టా. నీళ్ళూ బురదా ఉన్నచోట మనుషుల బతుకు ఒక్కలాగే ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. అలెగ్జాండ్రియాలో పెద్ద స్టేషన్లు రెండు. ముందు వచ్చేది సీదీ గాబర్, చివరిది మస్ర్ స్టేషను. సీదీ గాబర్‌లో సగం రైలు ఖాళీ అవుతుంది. అది చూసి కంగారుపడి మనమూ దిగిపోకూడదు. బస ఎక్కడో ముందే కనుక్కుని దాన్నిబట్టి దిగాలి. మా హోటలు రమ్ల్ స్టేషను దగ్గర, సముద్రానికి ఎదురుగా. దానికి మస్ర్ స్టేషనే దగ్గర.

ఊరి నైసర్గిక స్వరూపం తెలిస్తే సగం ప్రయాణం తెలిసినట్టే. అలెగ్జాండ్రియాలో యాభై లక్షల పైచిలుకు జనం ఉన్నా, అది గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. ఉత్తరాన మధ్యధరా సముద్రం, దక్షిణాన మార్యూత్ సరస్సు. నడుమ రిబ్బనులా సాగదీసినట్టుంటుంది. కనక బండి ఏదైనా పోయేది రెండే దిక్కులకు, తూర్పుకో పడమరకో. అమ్మ మొదటిరోజు సాయంత్రమే ఈ సంగతి కనిపెట్టింది. కనిపెట్టి విస్తుపోయింది కూడా. "సముద్రం ఉత్తరాన ఏమిటే, విడ్డూరం కాకపోతే! సూర్యుడు ఎక్కడినుంచి లేస్తాడు పాపం?" అంది. బందరు మనిషికి సముద్రమంటే తూర్పే. కాస్సేపు ఆలోచించి తనే తేల్చింది: "అయితే తూర్పుకి పోయేటప్పుడు సముద్రం ఎడమచేతి వైపుండాలి, పడమరకి వచ్చేటప్పుడు కుడిచేతి వైపు. అంతేగా?" అంతే. మూడు రోజులూ మాకు అదే దిక్సూచి. ఇళ్ళ వరసలు అడ్డం వచ్చి సముద్రం కనపడకపోయినా, అడ్డసందుల్లోంచి వచ్చే ఉప్పుగాలే ఎటో చెప్పేది.

ఊళ్ళో తిరగడానికి మేము ఎక్కువగా ఎక్కింది ట్రాం. రమ్ల్ ట్రాం చాలా పాతది, 1860ల తొలి ఏళ్ళలో గుర్రాలతో మొదలైంది. 1900ల మొదట్లో కరెంటుతో నడిపారు. నీలం, మీగడరంగు కలిసిన బళ్ళు. కొన్నిటికి మేడ కూడా ఉంటుంది. ఆడవాళ్ళకి విడిగా ఒక పెట్టె. రెండు లైన్లు. రమ్ల్ దగ్గర కలిసి బయలుదేరి, మధ్యలో విడిపోయి, దూరాన మళ్ళీ కలుసుకుంటాయి, అత్తింటినుంచి అలిగి వచ్చిన తోడికోడళ్ళలాగ. వేగం లేదు, కాని కిటికీ పక్కన కూర్చుంటే ఊరంతా మన ఎదటినుంచి పోతుంది. మేము చూసినది 2019 నాటి ట్రాం అని గుర్తుంచుకోండి. ఆ లైనును కొత్త పద్ధతిలో తిరిగి కట్టే పని ఆ తర్వాత తలపెట్టారు. వెళ్ళేవారు అది నడుస్తున్నదీ లేనిదీ ముందు విచారించుకోవాలి.

ట్రాం లేని చోటికి చిన్న వ్యాన్లున్నాయి. వాటిని ఆ ఊళ్ళో "మష్రూ" అంటారు. మన షేరు ఆటోకి పెద్దన్నగారు. సముద్రపు ఒడ్డు రోడ్డు మీద చెయ్యెత్తి, వెళ్ళవలసిన చోటి పేరు గట్టిగా కేకెయ్యాలి. అటే పోతుంటే ఆగుతాడు. కూర్చున్నాక డబ్బు ముందు వరసవారి భుజం తట్టి ఇవ్వాలి. అది చేతులు మారి మారి డ్రైవరుకి చేరుతుంది. చిల్లర వచ్చిన దారినే చేతులు మారి తిరిగి వస్తుంది. మొదటిసారి అమ్మ తన డబ్బు పోయిన దారినే కళ్ళప్పగించి చూసింది. చిల్లర సరిగా చేతిలో పడ్డాక, "మర్యాదస్తులు" అని సర్టిఫికెట్టు ఇచ్చింది. దిగాలంటే "అలా గంబ్" అనాలి, పక్కకి ఆపమని. టాక్సీలు నలుపూ పసుపూ. ఎక్కకముందే వేళ్ళు చూపించి బేరం తేల్చుకుని, దిగాకే డబ్బివ్వాలి. ఫోనులో పిలిచే ఊబర్ కారైతే ఆ బాధ లేదు. దేనికైనా చిన్న నోట్లు దగ్గరుండాలి. చిల్లరని "ఫక్కా" అంటారు. ఆ మాట రోజుకి పదిసార్లు వినపడుతుంది. ఛార్జీలు నేను రాయడం లేదు. 2016 నుంచి ఆ దేశపు పౌను విలువ పలుమార్లు పడిపోయింది. నేను రాసిన లెక్క పట్టుకుని వెళితే మీరు నన్ను తిట్టుకుంటారు.

బళ్ళన్నిటికంటె కష్టమైన ప్రయాణం ఆ ఒడ్డు రోడ్డు అడ్డంగా దాటడం. కార్లు నదిలా వస్తూనే ఉంటాయి. నేను ముందుకి రెండడుగులు, వెనక్కి మూడడుగులు వేస్తుంటే, అమ్మ నా చెయ్యి వదిలించుకుని, అక్కడ నిలబడ్డ ఒక ముసలావిడ పక్కకి వెళ్ళింది. ఆవిడ ఈవిణ్ణి చూసింది, ఈవిడ ఆవిణ్ణి చూసింది. ఆవిడ మోచెయ్యి అందించింది. ఇద్దరూ నింపాదిగా అవతలికి నడిచిపోయారు. కార్లు పక్కకి తప్పుకున్నాయి. నేను వాళ్ళ వెనకాల, గోదారి ఈదేవాడి తోక పట్టుకున్నట్టు, దాటాను. అప్పటినుంచి ఎక్కడ దాటవలసి వచ్చినా అమ్మ ముందు ఒక ఆడమనిషిని వెతికేది.

తిండికి భయం లేదు. మాంసం ముట్టనివారు చెప్పవలసిన పేర్లు మూడు: ఫూల్, తామియా, కొషారి. మొదటి పేరు విని నవ్వకండి. ఫూల్ అంటే బాగా ఉడికించి మెదిపిన చిక్కుడుజాతి గింజలు, రొట్టెలో అద్దుకు తినాలి. తామియా ఆ గింజలు రుబ్బి వేయించిన వడ. కొషారిలో అన్నం, పప్పు, మాకరోనీ, వేయించిన ఉల్లిపాయలు, టమాటా పులుసు అన్నీ ఒకేచోట. అమ్మ తామియాని మసాలావడకి మరిదిగా ఒప్పుకుంది. కొషారిని మాత్రం "ఏకాదశినాడు మిగిలినవన్నీ కలిపినట్టుంది" అంటూనే గిన్నె ఖాళీ చేసింది. ఈజిప్టు అంటే ఎడారే కదా అని ఉన్నిబట్టలూ గొడుగూ మానకండి. చలికాలంలో అలెగ్జాండ్రియాకి సముద్రం మీదినుంచి గాలివానలు వస్తాయి. వాటికి "నవ్వా" అని పేరు. ఏ వారంలో ఏది వస్తుందో జాలరులకి నోటిలెక్క, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు. నవంబరులో వచ్చేదాన్ని "మక్నసా" అంటారు, అంటే చీపురు. మన కార్తెల లెక్క విన్నట్టే ఉంది.

రెండోరోజు గ్రంథాలయం చూడబోయాం. ప్రాచీనకాలంలో ప్రపంచప్రసిద్ధి పొంది నశించిపోయిన గ్రంథాలయం పేరు నిలబెట్టడానికి 2002లో తెరిచిన కొత్త భవనం అది. సముద్రంలోంచి పైకి లేస్తున్న సూర్యబింబంలా, పెద్ద పళ్ళెం ఏటవాలుగా నిలబెట్టినట్టుంటుంది. వెలుపల బూడిదరంగు అస్వాన్ రాతిగోడ. దానిమీద ప్రపంచంలోని నూట ఇరవై లిపులనుంచి ఏరిన అక్షరాలు చెక్కారు. తెలుగు మేష్టరమ్మకి అంతకంటె చూడవలసిన గోడ ఏముంటుంది? అమ్మ గోడ దగ్గరగా వెళ్ళి, చెయ్యందినంత ఎత్తులో ఉన్న ఒక గుర్తు మీద వేలు పెట్టి "ఇదేమిటి?" అంది. నాకు తెలియదన్నాను. మరొకటి చూపించి "మరి ఇది?" అంది. అదీ తెలియదు. ఇంకొకటి. "తెలియదమ్మా." అమ్మ వెనక్కి తిరిగి నావంక చూసింది. "నీకూ తెలియదా!" అంది. ఆ మాటలో ఎగతాళి లేదు. ఇన్నేళ్ళూ ఒక్కతే కూర్చున్న అరుగు మీద ఇంకొకరు వచ్చి కూర్చుంటే కలిగే సంతోషం ఉంది.

లోపలి హాల్లో కూర్చుని అమ్మకి టాలెమీ కథ చెప్పాను. క్రీస్తుశకం రెండవ శతాబ్దంలో ఈ ఊళ్ళో ఉండి ఆయన ప్రపంచ భూగోళం రాశాడు. అందులో మైసోలోస్ అనే నది, మైసోలియా అనే ప్రాంతం ఉన్నాయి. అది మన కృష్ణ, ఇది మన బందరు తీరం అని పండితులు పోల్చారు. అందులోని కంటకోస్సిల మన ఘంటసాలేనంటారు. "ఆయన మన ఊరొచ్చాడా?" అంది అమ్మ. రాలేదు. మన దేశం రానేలేదు. ఓడలమీద వెళ్ళివచ్చినవారి మాటలూ, తనకు ముందువారి రాతలూ ఆధారం చేసుకుని రాశాడు. "చూశావా మరి! అంత చదువుకున్నాయనే నలుగుర్నీ అడిగి తెలుసుకున్నాడు. దారి అడగడానికి నువ్వు అంత సిగ్గుపడతావేం?" అంది.

ఆ సాయంత్రమే జరిగింది. పక్కనే విశ్వవిద్యాలయం. క్లాసులు వదిలినట్టున్నారు, ట్రాం స్టేషను నిండా పిల్లలు. బండి ఆగీ ఆగగానే గుంపు కదిలింది. ఆడవాళ్ళ పెట్టెలోకి ఎవరో పిల్ల అమ్మ చెయ్యి పట్టుకుని లాగి ఎక్కించింది. నాకూ మెట్టుకీ మధ్య పదిమంది. బండి కదిలింది. కిటికీలో ఆకుపచ్చ చీరచెంగు ఒక్కసారి కనిపించి మాయమైంది.

అమ్మకి భాష రాదు, అక్షరం రాదు, దగ్గర ఫోను లేదు. ఉన్న ఒక్క ఫోనూ నా చేతిలో ఉంది. తమ్ముడికి చేద్దామన్నా ఏమని చెప్పను? చలిగాలిలో నాకు చెమటలు పట్టాయి. ఆ వయసులో, ఆ దేశంలో, అమ్మ లేని అమ్మాయి ఎలా ఉంటుందో పావుగంటలో తెలిసింది. ఒక్కటే ధైర్యం. అమ్మకి ఒక నియమం ఉంది. పన్నెండేళ్ళకోసారి వచ్చే కృష్ణా పుష్కరాల జనంలో మమ్మల్ని వేలు పట్టుకుని తిప్పే రోజులనుంచీ చెప్పేది: "తప్పిపోయినవాళ్ళు కదలకూడదు, వెతికేవాళ్ళే కదలాలి. ఇద్దరూ కదిలితే జన్మలో కలుసుకోరు." హోటలునుంచి బయలుదేరే ముందు కూడా ఆ మాట అనుకున్నాం. ముందు బండిలో పోయినవారు తర్వాతి స్టేషనులో దిగి కూర్చోవాలి, వెనకబడినవారు తర్వాతి బండిలో రావాలి.

తర్వాతి బండి వచ్చింది. అది ఏ లైనుదైనా ఫరవాలేదు. ఆ చోటునుంచి రమ్ల్ వైపు రెండూ ఒకే దారి. తలుపు దగ్గర నిలబడి, మెడ బయటికి పెట్టి చూస్తూ వచ్చాను. మరుసటి స్టేషనులో, బల్లమీద, ఇద్దరు కాలేజీపిల్లలకీ ఒక పెద్దావిడకీ నడుమ అమ్మ కూర్చుని ఉంది. పెద్దావిడ కమలాపండు ఒలిచి ఒక్కొక్క తొనే అమ్మ చేతిలో పెడుతోంది. తమ్ముడు అరబ్బీలో హోటలు పేరూ తన ఫోను నంబరూ రాసిచ్చిన కాగితం ఒక పిల్ల చేతిలో ఉంది. తమ్ముడికి ఫోను చెయ్యబోతున్నారట. నన్ను చూసి అమ్మ వాళ్ళకి వేలుపెట్టి చూపించి, "వచ్చింది, చెప్పానుగా!" అని తెలుగులోనే అంది. వాళ్ళకి అర్థమయింది కూడాను. నలుగురూ నవ్వారు. నాకు మాత్రం మాట పెగలలేదు. "ఇక్కడి కమలాలు బాగున్నాయే, తిను" అని అమ్మ ఒక తొన నా నోట్లో పెట్టింది.

రాత్రి దీపం ఆర్పాక, నిద్రపోయిందనుకున్న అమ్మ చీకట్లో అంది: "బండి కదిలినప్పుడు నా గుండె ఆగిపోయిందనుకో."

"మరి అంత నిబ్బరంగా ఎలా కూర్చున్నావమ్మా? బోర్డు ఒక్కటీ అర్థంకాని ఊళ్ళో?"

"నాకు ఏ ఊళ్ళో అర్థమయిందే? బెజవాడ బస్టాండులో మాత్రం నాకేం తెలుస్తుంది? అక్కడా మనుషుల్నడిగే ఎక్కుతాను, ఇక్కడా అంతే. నీకే ఇది కొత్త" అంది.

సముద్రం హోరు వింటూ చాలాసేపు మేలుకునే ఉన్నాను. నేను మూడు రోజులకి తెచ్చుకున్న ఇబ్బంది అమ్మ డెబ్బయి రెండేళ్ళుగా మోస్తూనే ఉంది. లోకంలో ప్రతి బోర్డూ ఆమెకు అరబ్బీయే. అయినా కాశీ వెళ్ళింది, తిరుపతి వెళ్ళింది, మా కాన్పులకి ఒంటరిగా బస్సులు మారి వచ్చింది. రంగులు, వాసనలు, దిక్కులు, మొహాలు చదువుకుంటూ తిరిగింది. అది చదువు కాదంటే ఏమనాలో నా నిఘంటువులో మాట లేదు. అక్షరం వస్తే ఆమెకి ఇంకెంత లోకం తెరుచుకునేదో అన్న బాధ కూడా ఆ రాత్రి నన్ను వదలలేదు. రెండూ నిజాలే.

ఇక మిగిలిన సలహాలు గబగబా చెప్పేస్తాను. బస చిరునామా అరబ్బీలో రాయించి ప్రతి ఒక్కరి దగ్గరా ఒక కాగితం ఉంచండి. ఫోను ఉన్నవారి దగ్గర కూడా. తప్పిపోతే ఏం చెయ్యాలో బయలుదేరే ముందే అనుకోండి. శుక్రవారం ప్రార్థనలయ్యేదాకా చాలా కొట్లు తియ్యరు. ఆ ఉదయం సముద్రపు ఒడ్డున నడవడానికి మంచిది. ఖైత్‌బే కోట రమ్ల్‌కి పడమటి వైపున ఉంది. ప్రాచీన దీపస్తంభం కూలిన చోట 1477లో దాన్ని కట్టడం మొదలుపెట్టారు. రమ్ల్ నుంచి సముద్రం కుడిచేతి వైపు ఉంచుకుని వెళితే తప్పిపోరు. గ్రీకు, రోమను మ్యూజియం మేము వెళ్ళినప్పుడు మూసి ఉంది. 2023లో తిరిగి తెరిచారు, కనక మీరు చూడవచ్చు. వీసా నిబంధనలు మారుతుంటాయి, టిక్కెట్టు కొనకముందే కనుక్కోండి. అన్నిటికంటె ముఖ్యం, అడగడానికి మొహమాటపడకండి. ఇంట్లో చదువురాని పెద్దవాళ్ళుంటే వాళ్ళని వెంటబెట్టుకు వెళ్ళండి. అడగడం ఎలాగో వాళ్ళకి తెలుసు.

మూడోరోజు మధ్యాహ్నం మస్ర్ స్టేషనులో కైరో రైలు సిద్ధంగా ఉంది. టిక్కెట్టు తీసి నేను ఆరో ఏడో తేల్చుకుంటూ ఉండగానే అమ్మ నా చేతిలోది అందుకుని ముందు నడిచింది. రెండు వరసలు దాటి ఆగి, సీట్లమీద రేకులు వేలితో తడుముతూ చదివింది: "రెండు కొక్కేలూ ఒక గరాటూ. రెండు కొక్కేలూ బోర్లించిన గరాటూ. ఇవేనే మనవి, ముప్ఫై ఏడూ, ముప్ఫై ఎనిమిదీ. నువ్వు కిటికీ పక్కన కూర్చో."